బర్రె పొడిస్తే ఆవు కోడ్

లింగవ్వ కంట్లో పొడిచినది బర్రె కాదు, ఆవు అని బీమా కంపెనీ నమోదు చేసుకుంది. పొడిపించుకున్న లింగవ్వకు ఈ సంగతి అందరికన్నా చివర తెలిసింది.

ఖానాపూర్ దగ్గరి ఒక పల్లెలో ఆమె మేత వేస్తుంటే, సొంత బర్రె ఈగను తోలుకోబోయి తల విసిరింది. కొమ్ము తగిలింది, కంటి ముందు ఎర్ర తెర దిగింది. కూతురు వినోద ఆమెను కరీంనగర్‌లో ఒక పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయింది. కంట్ల నెత్తురు దిగిందని ఊళ్లో అన్నదాన్ని అక్కడ విట్రియస్ హెమరేజ్ అన్నారు. పేరు మారగానే నెత్తురుకు హోదా వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు.

ఆపరేషన్ ఖర్చుకు బీమా వాళ్లు ఒప్పుకోవాలంటే రోగానికో కోడ్, కారణానికో కోడ్ వేయాలి. మొసలి కరిచినా, డాల్ఫిన్ ఢీకొన్నా ఆ దవాఖాన కంప్యూటర్లో కోడ్ సిద్ధంగా ఉంది కాబట్టి ఖానాపూర్ రైతులు నిశ్చింతగా ఉండవచ్చు. బర్రె మాత్రం దొరకలేదు. కోడ్లు వేసే ఉద్యోగి దయగలవాడు, రోగిని ఉత్తచేతులతో పంపలేక ఆవు అని నొక్కాడు. రెండూ పాలిచ్చేవే కదా.

ఆ ఆవును చూపించమని బీమా కంపెనీ అడిగింది. లింగవ్వకు ఆవు లేదు. వినోద పక్కింటి అంబదాస్‌ దగ్గరికి పోయింది.

"కాకా, నీ ఆవును ఒక్కపూట మా కొట్టంల కట్టనియ్యి. ఫొటో దిగినంక తోలుకపో."

"వదినె కన్ను జూస్తే నాకూ పానం తరుక్కపోతుంది బిడ్డా. కాని పొడిసే ఆవని కాయితాలకెక్కితే రేపు అంగట్ల దీన్నెవడు కొంటడు?"

ఇది న్యాయమైన మాటేనని ఊరు ఊరంతా కదిలింది. పెద్దమనుషులు కూర్చుని ఆవు నిర్దోషి అని ఏకగ్రీవంగా తీర్మానించారు. బొట్టు పెట్టి, దండ వేశారు. ఊళ్లో పరువు నిలిచాక కరీంనగర్‌లో నేరం ఒప్పుకుంటే నష్టం లేదని తేల్చి, దాన్ని లింగవ్వ కొట్టంలో కట్టేశారు.

బీమా పరిశీలకుడు ఓంప్రకాశ్ వచ్చి ఆవును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. కొమ్ములను టేపుతో కొలిచాడు. "జంతువు సంతృప్తికరంగా ఉన్నది. ప్రజలు ఇట్లనే సహకరించాలె" అని ఉపన్యసించాడు. లింగవ్వ పోసిన చాయ్ సగం కప్పులో, సగం చాప మీద పడింది. ఆయన మర్యాదగా కాళ్లు జరుపుకున్నాడు.

చాలా రోజులకు జవాబు వచ్చింది. ఆవు విషయంలో కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదు. అయితే దవాఖాన ఉద్యోగి 'ఏ కన్నో తెలియదు' అనే కోడ్ వేసినందున దరఖాస్తును తిప్పి పంపారు. వినోద తల్లిని తీసుకుని మళ్లీ కరీంనగర్ ఉరికింది. డాక్టరు టార్చి వేసి చూసి, ఇక ఆపరేషన్ చేసీ లాభం లేదన్నాడు.

లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏ కన్నని నన్నడుగుతే నేను చెప్పకపోదునా బిడ్డా?"

ఆమెను ఎవరూ అడగలేదు. ఇంతదాకా చదివిన మీరూ ఆవు వెంటే వచ్చారు గానీ, పోయింది కుడి కన్నా, ఎడమ కన్నా అని అడగలేదు.