చక్ర సంతృప్తి ధ్రువపత్రం

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్లయింది గాని, దాన్ని ఎంచుకోవడం మాత్రం ఈమధ్యే నేర్చుకుంది. ఆ విద్యను ఒక శాస్త్రంగా, ఒక శాఖగా, ఆపైన మూడు ప్రతుల్లో నింపాల్సిన ధ్రువపత్రంగా పెంచి పెద్దచేసిన ఘనత, సూపర్ కార్లకు కొత్త చక్రాలు బిగించే ఒక దుకాణానికి దక్కుతుంది. దాన్ని దుకాణం అనకూడదు. 'చక్రానుభవ కేంద్రం' అనాలి. (అనుభవం ఎవరికి కలుగుతుందన్నది బోర్డు మీద రాయలేదు.)

ఆ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న పెద్ద ఫిట్టర్‌కు ఒక అలవాటుంది. నట్లు బిగించాక, కారు ఇంకా లిఫ్టు మీద గాల్లో ఉండగానే, ఒక్కో చక్రాన్నీ అరచేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి, తల వంచి వింటాడు. లోపల బ్రేకుకు ఎక్కడా రాసుకోకపోతే ధ్రువపత్రం మీద సంతకం పెడతాడు. రాసుకుంటే పెట్టడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టిన చేత్తో సాయంత్రం అబద్ధానికి సాక్షి సంతకం ఎలా పెడతామన్నది అతని సందేహం. ఈ సందేహానికి కేంద్రం నియమావళిలో చోటు లేదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

అలాంటి రోజుల్లో ఒక యజమాని తన కారుతో వచ్చాడు. ఆ కారు గంటకు మూడు వందల కిలోమీటర్లు పోగలదు. యజమాని ఇంటి నుంచి అతని క్లబ్బుకు దూరం రెండు కిలోమీటర్లు, మధ్యలో పదకొండు స్పీడ్ బ్రేకర్లు.

"కంపెనీ వీల్స్ బాగానే ఉన్నాయి కదా సార్, ఏమైంది వీటికి?" అని అడిగాడు ఫిట్టర్.

"ఏమీ కాలేదు. అదే కదా బాధ," అన్నాడు యజమాని. "ఎదురింటాయన కూడా ఇదే కారు కొన్నాడు. పొద్దున లేచి గేటు తీస్తే, నా కారు వాళ్లింట్లో కనిపిస్తోంది."

కారు తయారుచేసినవాళ్లు ఆ చక్రాలను నాలుగేళ్లు ఎండలో, వానలో, మంచులో పరుగెత్తించి చూసుకున్నారు. వాళ్లలో ఉన్న లోపమల్లా ఒక్కటే. వాళ్లకు కార్ల గురించి తెలుసుగాని ఎదురింటాయన గురించి తెలియదు.

ఎంపిక బాధ్యతను కేంద్రంలోని రూపనిర్ణయ అధికారిణి స్వీకరించారు. ఆమె చేతిలోని యాప్‌లో నాలుగు వందల పన్నెండు రకాల చక్రాలున్నాయి, తొమ్మిది రకాల నలుపులున్నాయి. సంపన్న నలుపు, మౌనపు నలుపు, వారసత్వపు నలుపు, అసలు నలుపు వగైరా. పదకొండు వారాలు పట్టింది. రెండుసార్లు యజమాని నిద్రలో మనసు మార్చుకుని తెల్లారేసరికి కబురు పంపాడు. అతని భార్య అభిప్రాయం కూడా సేకరించారు. "అన్నీ నల్లగానే ఉన్నాయి కదా," అని ఆమె అన్న మాటను 'అన్నింటికీ సమ్మతమే' అని నమోదు చేశారు.

చివరకు లోపలికి వంపు తిరిగిన పది ఊచల చక్రం, వారసత్వపు నలుపులో ఖరారైంది. యాప్‌లో ఆ చక్రం అమోఘంగా ఉంది. యాప్‌లో కారు ఎప్పుడూ నిలబడే ఉంటుంది. చక్రం వెనక బ్రేకు ఉంటుందన్న సంగతి యాప్ అడగలేదు. బ్రేకు చక్రం వెనక ఉంటుంది గనుక అది రూపనిర్ణయ శాఖ పరిధిలోకి రాదు.

చక్రాలు వచ్చిన రోజున ఫిట్టర్ ముందు ఎడమవైపు చక్రం ఎక్కించాడు. నట్లు బిగించి, అరచెయ్యి ఆనించి తిప్పాడు. చక్రం పావు చుట్టు తిరిగి, కిర్రుమని ఆగిపోయింది. ఊచల వంపు నేరుగా పోయి, బ్రేకు పళ్లేన్ని పట్టే క్యాలిపర్ దిమ్మకు తగులుతోంది. మధ్యలో స్పేసర్ బిళ్ల పెట్టి చక్రాన్ని బయటికి జరిపాడు. ఇప్పుడు ఊచ తగలడం మానేసింది. టైరు మడ్‌గార్డ్‌కు తగలడం మొదలుపెట్టింది. మడ్‌గార్డ్ అంచు కాస్త అరగదీస్తే సరిపోతుంది గాని, కారు ఒంటి మీద గోరు కూడా తగలకూడదని యజమాని రాతపూర్వకంగా చెప్పి ఉన్నాడు.

ఫిట్టర్ చేతులు తుడుచుకుని ధ్రువపత్రం తీశాడు. అందులో మూడు గళ్లున్నాయి: 'సరిపోయింది', 'బాగా సరిపోయింది', 'అద్భుతంగా సరిపోయింది'. 'సరిపోలేదు' అనే గడిని కిందటేడు తీసేశారు. దానివల్ల కేంద్రం సగటు దెబ్బతింటోందట.

"మేడమ్, ఈ వీల్ దీనికి పట్టదు," అన్నాడు.

"పట్టదంటే ఎలా అండీ? కస్టమర్ అప్రూవ్ చేశారు," అంది అధికారిణి.

"ఆయన అప్రూవ్ చేశారు, బ్రేకు చెయ్యలేదు."

"మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు."

"నేనేమీ ఆలోచించలేదు మేడమ్, తిప్పి చూశాను."

ఆ మధ్యాహ్నం మేనేజరు సమావేశం పెట్టాడు. వాదన చాలా నిర్మలంగా సాగింది. చక్రం ఆమోదం పొందినది. ఆమోదం పొందినది సరిపోకుండా ఉండటానికి వీల్లేదు. కాబట్టి తప్పు పరిమాణంలో ఉన్నది బ్రేకు. చిన్న బ్రేకు వేద్దామని యజమానికి ఫోన్ చేస్తే, అతను నొచ్చుకున్నాడు. ఆ పసుపు రంగు క్యాలిపర్ ఊచల మధ్య నుంచి పెద్దగా కనిపించాలనే కదా తను ఈ డిజైన్ ఎంచుకున్నది. దాంతో సమావేశం మరో గంట పొడిగించి, అందరికీ ఆమోదయోగ్యమైన తీర్మానం చేసింది. ముందు రెండు బ్రేకులూ తీసేసి, ఆ స్థానంలో అదే పసుపు రంగు ప్లాస్టిక్ డిప్పలు అతికించాలి. (కారు ఆగడానికి వెనక బ్రేకులు, పదకొండు స్పీడ్ బ్రేకర్లు చాలునని మినిట్స్‌లో రాసుకున్నారు.)

"రేపు పొద్దున పదింటికి డెలివరీ. అద్భుతంగా సరిపోయిందని టిక్కు పెట్టి సంతకం చేసెయ్యండి," అన్నాడు మేనేజరు.

"చెయ్యకపోతే సార్?"

"బలవంతం ఏమీ లేదు. మన గేటు దగ్గర మనిషి కావాలంటున్నారు. కూర్చునే పనే."

బయట యజమాని డ్రైవరు కాచుకుని ఉన్నాడు. యజమానికి ఆ కారు ఎక్కి దిగడానికే నడుం పట్టేస్తుంది గనుక, తోలేది ఎప్పుడూ ఇతనే.

"అన్నా, డిప్పలు పెడుతున్నారంట, నిజమేనా?"

"నిజమే."

"బ్రేకు తొక్కితే ఆగుతుందా మరి?"

"అందంగా కనిపిస్తుంది."

డ్రైవరు నవ్వబోయి మానేశాడు. "నాకవన్నీ తెలీవన్నా. కాగితం మీద నీ సంతకం ఉంటే ఎక్కుతాను. ఇన్నేళ్లూ అంతే కదా, నీ సంతకం చూసే కదా తాళం తిప్పింది."

ఆ సాయంత్రం ఫిట్టర్ ఇంట్లో, బట్టలు మడతపెడుతున్న భార్య పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఉద్యోగం తీసేస్తామన్నారా?" అని అడిగిందామె.

"తియ్యరు. గేటు దగ్గర వేస్తారు. కారొస్తే కర్ర ఎత్తాలి, పోయాక దించాలి."

"ఇరవై రెండేళ్లు చేసి చేసి, కర్ర ఎత్తడమా?"

"సంతకం పెడితే ఎత్తక్కర్లేదు."

ఆమె చొక్కా చేతులు లోపలికి మడిచి, ఒకసారి దులిపి, మళ్లీ మడిచింది. "ఆ కారు తోలే అతనికి పిల్లలున్నారా?"

"ఇద్దరు. చిన్నది ఇంకా బడికి కూడా పోవట్లేదు."

"మరి నన్నెందుకండీ అడుగుతారు? ఆ కర్ర బరువుగా ఉంటుందేమో అది కనుక్కోండి. మీకసలే భుజం నొప్పి."

మర్నాడు పదింటికి ఫిట్టర్ మూడు గళ్లనూ ఖాళీగా వదిలేసి, పత్రం అడుగున 'ముందు చక్రాలకు బ్రేకులు లేవు' అని రాసి, సంతకం పెట్టకుండా ఇచ్చాడు. ఆ చోటు కస్టమర్ల ప్రశంసల కోసం ఉద్దేశించినది గనుక, ఆ వాక్యం ప్రశంసగా కంప్యూటర్‌లోకి ఎక్కింది. కాని సంతకం లేని కారును డ్రైవరు ఎక్కనన్నాడు. యజమాని మండిపడ్డాడు. అరగంట కేంద్రమంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చుంది.

మేనేజరు ఊరికే మేనేజరు కాలేదు. నియమావళి తిరగేస్తే, సంతకం అవసరమైనది 'రోడ్డు మీద తిరిగే వాహనాలకు' మాత్రమేనని తేలింది. వెంటనే ఆ కారును 'దర్శనీయ వాహనం'గా వర్గీకరించారు. లారీ మీదకెక్కించి యజమాని ఇంటికి చేర్చి, ముందుభాగంలో అద్దాల గది కట్టించి, తిరిగే వేదిక మీద నిలబెట్టారు. చక్రాలు తిరగకపోయినా కింద నేల తిరుగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు డ్రైవరు యూనిఫామ్ వేసుకుని లోపల కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి, నాలుగు చుట్లు తిరిగి దిగుతాడు. యజమాని చాలా సంతోషంగా ఉన్నాడు. ఎదురింటాయన కంటికి కునుకు లేదు. వారం తిరక్కుండానే అతను కేంద్రానికి వచ్చి, యాప్ ముందు కూర్చున్నాడు. కదలని కారుకు చక్రాలెందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. దేవుడైనా అడుగుతాడేమోనని ఫిట్టర్ కొన్నాళ్లు ఎదురుచూశాడు.

ఏడాది చివర భద్రతా సమీక్ష జరిగింది. కేంద్రం బిగించిన చక్రాలన్నిటిలో, ఒక్క ఫిర్యాదు కూడా రానివి ఆ కారువేనని అంకెలు చెప్పాయి. మిగతా కార్లకూ దీనికీ తేడా ఏమిటని సమీక్షా సంఘం లోతుగా పరిశీలించింది. ఆ కేంద్రం చరిత్రలో 'సరిపోలేదు' అని తేలిన ప్రతి చక్రమూ, అంతకు నిమిషం ముందు ఎవరో ఒకరు చేత్తో తిప్పి చూసినదేనని బయటపడింది. కారణం దొరికింది. బిగించిన చక్రాన్ని ఇకమీదట ఎవరూ తిప్పి చూడరాదని ఉత్తర్వు వెలువడింది. ధ్రువపత్రాల మీద సంతకం ముందే అచ్చయి రావడం మొదలైంది.

ఫిట్టర్ ఇప్పుడు గేటు దగ్గర ఉన్నాడు. రోజుకు పది పన్నెండు కార్లు కొత్త చక్రాలతో బయటికి, పెద్ద రోడ్డు మీదికి పోతాయి. ఒక్కోటి దాటుతున్నప్పుడు అతను తల వంచి వింటాడు, పరుగెత్తి అద్దం మీద కొడతాడు. లోపలివాళ్లు టిప్పు కోసమనుకుని అద్దం దించరు. దీని మీద మాత్రం మూడు ఫిర్యాదులు వచ్చాయి, మూడూ అతని మీదే.

చక్రాల సంగతి వేరు. ఆ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆ కేంద్రంలో సరిపోని చక్రం ఒక్కటి కూడా లేదు.