నడిచి వెళ్ళిన మేకులు

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి మునిసిపాలిటీ ఇంజనీరు వస్తుంది. ఈలోగా వంట ముగించుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గేటు దగ్గర నిలబడి, "మా వీధికి అభ్యంతరం ఏమీ లేదండీ" అని ఒక్క ముక్క చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెప్పే రోజు కోసం ఆమె రెండేళ్ళుగా మునిసిపాలిటీ మెట్లు ఎక్కి దిగుతోంది.

ఇదంతా అత్తగారి కోసం. అత్తగారి అక్క అదే వీధి చివర, పాత దీపం ఉన్న మలుపులో ఉంటుంది. పగలంతా ఆవిడకు మనవడితోనే సరి. కూతురు ఆఫీసు నుంచి వచ్చాకే తీరిక. అందుకని అక్కచెల్లెళ్ళ కబుర్లు ఎప్పుడూ చీకటి పడేవేళే. ముందటేడు వానాకాలంలో, మధ్యలో ఉన్న ఖాళీ స్థలం ముందు, పగిలిన సిమెంటు పలక మీద కాలు పడి అత్తగారు బోర్లా పడింది. మణికట్టు విరిగింది. మణికట్టు అతుక్కుంది కాని ధైర్యం అతుక్కోలేదు. అక్కగారికేమో అంత దూరం నడిచే మోకాళ్ళు లేవు. కొడుకు కారులో దింపుతానంటే, "నాలుగిళ్ళ అవతలికి కారేమిట్రా, రోగిష్టిదానిలాగా" అంటుంది అత్తగారు. అప్పటినుంచి అన్నీ ఫోనులోనే. ఇద్దరికీ చెవులు అంతంతమాత్రం. ఫోను లేకపోయినా వినిపించేంత గట్టిగా మాట్లాడుకునేవారు. కిందటి నెల ఒకరోజు అత్తగారు ఫోను పెట్టేసి, "దాని గొంతు వినడమే గాని, దాని పక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో అమ్మాయ్" అని, ఆ పూట సరిగా తినలేదు.

మొత్తానికి కాలిబాటా, నాలుగు దీపాలూ మంజూరయ్యాయి. ఈ ఏడాదికి ఒక్క వీధికే. ఈ వీధివాళ్ళు పేచీ పెడితే పని పక్క వీధికి పోతుంది. పక్క వీధివాళ్ళు కాచుకుని కూర్చున్నారు. ముందురోజు మధ్యాహ్నం పనివాళ్ళు వచ్చి, దీపస్తంభాలు రావలసిన చోట్ల ఎర్రరంగు పూసిన కర్రమేకులు పాతి వెళ్ళారు. ఇంటికొకటి.

కుక్కరు పొయ్యి మీద పెట్టి కోడలు ఒకసారి గేటు దగ్గరికి వెళ్ళి చూసింది. మేకు లేదు.

"ఏమండీ, మన గేటు పక్కన మేకేది?"

భర్త లెక్కల లెక్చరరు. కాలేజీలో ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఎవరైనా అడిగితే బోర్డు వైపు తిరుగుతాడు. ఇంట్లో బోర్డు లేదు కనుక పేపరు వైపు తిరిగాడు.

"ఏ మేకు?"

"ఎర్ర మేకు. నిన్న సాయంత్రం దాకా ఉంది."

"ఓ, అదా. కొంచెం జరిపాను."

"జరిపారా?"

"కారు వెనక్కి తీసేటప్పుడు స్తంభం సరిగ్గా అద్దానికి తగులుతుంది. కోణం లెక్కవేసి చూశాను. పాలకి వెళ్తూ పీకి, టైలరు గోడ దగ్గర గుచ్చేశాను. ఎంతోదూరం కాదు."

"టైలరు ఊరుకుంటాడా?"

"అతనికి కారు లేదుగా."

కోడలు ఆయన చేతిలోంచి పేపరు లాగేసింది. మునిసిపాలిటీకి ఇచ్చిన అర్జీలన్నీ ఈయన చేతే రాయించింది. "అంధకారంలో అలమటిస్తున్న మా వీధి" అన్న మాట ఈయన సొంతం. అది రాసిన రోజున రెండుసార్లు పైకి చదివి వినిపించాడు కూడా.

"లేవండి. ఆవిడ వచ్చేలోపు దాన్ని తెచ్చి మళ్ళీ పాతాలి."

టైలరు గోడ దగ్గర లెక్కప్రకారం రెండు మేకులుండాలి. ఒక్కటీ లేదు. టైలరు ముందు గదిలో మిషను తొక్కుతున్నాడు. వీళ్ళని చూసి మెడలో టేపు సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"మేకులా? మిమ్మల్నే అడుగుదామనుకున్నా అక్కా. నిన్న ఒక్కటే ఉంది. పొద్దున తలుపు తీస్తే రెండున్నాయి. రాత్రికి రాత్రి ఈనినట్టుంది."

లెక్చరరు టైలరు బోర్డు వైపు తిరిగాడు.

"ఒక్క స్తంభమైతే ఎలాగోలా సర్దుకునేవాణ్ణి," అన్నాడు టైలరు. "రెండింటి మధ్య నా బోర్డు ఎవరికి కనిపిస్తుంది చెప్పండి. అందుకని రెండూ తీసి డాక్టరమ్మ వైపు పెట్టాను. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళకి బోర్డుతో పనిలేదు. పన్ను నొప్పే దారి చూపిస్తుంది."

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు ఇంట్లోనే. ఆవిడ చేతులకి గ్లౌజులతోనే గుమ్మంలోకి వచ్చి, తాపీగా విషయం చెప్పింది.

"మూడున్నాయండీ. వరసగా, వంకరటింకరగా. చూడగానే పీకాలనిపించింది. నా పడకగది కిటికీ వీధివైపే. ఒక్క లైటైతే పరదా వేసుకునేదాన్ని. మూడు లైట్లు మొహం మీద పడితే ఇక నిద్రెక్కడిది?"

"పీకి?"

"పోస్టుమాస్టరుగారి వైపు పెట్టించాను. సంఘం అధ్యక్షుడు కదా, ఏం చేయాలో ఆయనకి తెలుస్తుందని."

రిటైరైన పోస్టుమాస్టరుగారికి నిజంగానే తెలిసింది. ఆయన పొద్దుటి నడక ముగించుకుని వచ్చేసరికి తన గోడ వారన నాలుగు మేకులు నిలబడి ఉన్నాయి.

"నా పేరున రావలసింది ఒకటి. నాలుగొచ్చాయి. అడ్రసు తప్పిన సరుకు నేనెందుకు ఉంచుకుంటానమ్మా?" అన్నాడాయన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఖాళీ స్థలం ముందు దింపి వచ్చాను. అక్కడైతే ఇదేమిటని అడిగేవాడు లేడు."

"మీది కూడానా?"

"నాదని దానిమీద రాసి లేదుగా."

అందరూ కలిసి ఖాళీ స్థలం దగ్గరికి నడిచారు. పిచ్చిమొక్కల మధ్య, పగిలిన పలకల పక్కన, నాలుగు మేకులూ ఆలస్యంగా వచ్చి క్లాసు బయట నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి.

"ఎవరు ఎక్కడ పీకారో అక్కడే మళ్ళీ పాతేయండి. ఇంకెంతోసేపు లేదు," అంది కోడలు.

తలా ఒక మేకు పీకి చేతిలో పట్టుకున్నారు. అక్కడితో ఒప్పందం ముగిసింది. టైలరు తన మేకు మొదటినుంచీ డాక్టరమ్మ గోడకే దగ్గరగా ఉండేదని టేపు తీశాడు. డాక్టరమ్మ తన మేకు అసలు కిటికీకి ఎదురుగానే లేదంది. లెక్చరరు చెప్పుకాలితో మట్టి మీద ఒక త్రిభుజం గీశాడు. పోస్టుమాస్టరుగారు, వీధికి వెలుగు ఎంత అవసరమో పెద్ద గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ విషయంలో నలుగురికీ ఏ భేదాభిప్రాయమూ లేదు. అందరికీ వెలుగు కావాలి. స్తంభం మాత్రం పక్కవాళ్ళకి రావాలి.

కోడలికి కోపం రావలసిన సమయం అది. రాలేదు. ఆ రోజు అత్తగారు ఇక్కడే పడినప్పుడు మిషను ఆపి అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది ఈ టైలరే. చేతికి అట్టముక్క ఆనించి కట్టు కట్టింది ఈ డాక్టరమ్మే. వానలో తడుస్తూ ఆటో పట్టుకొచ్చింది పోస్టుమాస్టరుగారు. పడ్డ మనిషిని లేపడానికి ఎవరూ కోణం చూసుకోలేదు, టేపు తీయలేదు. అదే మనిషి పడకుండా ఉండడానికి తలా కాస్త చోటు ఇమ్మంటే మాత్రం ఇంత లెక్క బయటికొస్తోంది. మనుషుల్లో మంచితనం లేక కాదు, అది ఎవరో ఒకరు పడేదాకా నిద్ర లేవదు కాబోలనుకుంది.

అంతలో స్కూటరు వచ్చి ఆగింది. ఇంజనీరు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేసింది. చిన్న వయసు పిల్ల. హెల్మెట్టు తీసి, నలుగురి చేతుల్లోనూ ఉన్న నాలుగు మేకుల వంక చూసింది.

"పీకేశారా?"

లెక్చరరు మట్టి మీది త్రిభుజాన్ని కాలితో చెరిపేశాడు.

"మేకులు పీకారంటే వీధి ఒప్పుకోలేదనే రాసుకుంటామండీ. మా పద్ధతి అదే. పర్లేదు, పక్క వీధివాళ్ళు పొద్దున కూడా ఫోను చేశారు," అంటూ ఆ పిల్ల మళ్ళీ హెల్మెట్టు ఎత్తింది.

రెండేళ్ళు ఎక్కిన మెట్లన్నీ ఒక్కసారి కాళ్ళకింద కూలినట్టయింది కోడలికి. ఏదో చెప్పాలని నోరు తెరిచింది కాని పోస్టుమాస్టరుగారే ముందు అందుకున్నాడు.

"పీకడమేమిటమ్మా, ఎంతమాట. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి మేకులన్నీ ఇక్కడికి తెచ్చింది."

"ఎందుకండీ?"

దానికి సంబంధించిన తీర్మానం ఆయన దగ్గర లేదు.

"అమ్మాయ్, కుక్కరు కూసి కూసి ఊరుకుంది. పొయ్యి కట్టేసి వస్తున్నా. ఇక్కడేం చేస్తున్నావే?"

చేతికర్ర ఊతగా అత్తగారు నడిచి వస్తోంది. పగిలిన పలక దాకా వచ్చి ఆగింది. జనాన్ని చూసింది, వాళ్ళ చేతుల్లో మేకుల్ని చూసింది, కాళ్ళ దగ్గర పలకని చూసింది.

"నేను పడింది ఇక్కడే కదూ," అంది మెల్లిగా. "ఎవరి గుమ్మంలోకి వచ్చిన దీపం వాళ్ళు మోసుకొచ్చి ఇక్కడ పెడుతున్నారా నాయనా? ఈ ముసలిదాని కోసమా?"

టైలరు చేతిలో మేకు రెండో చేతికి మారింది. "అంటే పెద్దమ్మగారూ, అదీ..."

"నువ్వేం చెప్పకు. చేసింది చెప్పుకునే రకం కాదు నువ్వు." అత్తగారు అతని భుజం తట్టి డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వు కూడానా తల్లీ? పని మధ్యలో లేచి వచ్చినట్టున్నావు."

డాక్టరమ్మ గ్లౌజు విప్పే పనిలో పడింది. అది ఎంతకీ రావడం లేదు.

"మరి మావాడు?"

"మొట్టమొదట పీకింది నేనేనమ్మా," అన్నాడు లెక్చరరు. అది అక్షరాలా నిజం.

ఇంజనీరు పిల్ల హెల్మెట్టు సీటు మీద పెట్టింది. సంచీలోంచి ప్లాను తీసి విప్పి, ఒకసారి దాన్నీ ఒకసారి స్థలాన్నీ చూసింది.

"నిజానికి ఇక్కడ మేము దీపమే పెట్టలేదండీ. ఇంటి నంబరున్న చోటే వేస్తాం. ఈ స్థలానికి నంబరు లేదు."

కోడలు ప్లాను మీదకి వంగి చూసింది. నాలుగిళ్ళ ముందూ నాలుగు చుక్కలున్నాయి. అక్కడినుంచి మలుపు దాకా ఇంత పొడుగున ఏమీ లేదు. మేకులు నిన్న పాతినచోటే బుద్ధిగా ఉండి ఉంటే, తను ఇస్త్రీ చీర కట్టుకుని అభ్యంతరం లేదని చెప్పి ఉంటే, అత్తగారు పడ్డ చోటు ఎప్పటిలాగే చీకట్లో ఉండిపోయేది. తన రెండేళ్ళ తిరుగుడులో లేని లాభం వీళ్ళ ఒక్క పూట స్వార్థంలో ఉంది. ఈ సంగతి ఎవరితోనూ అనకూడదని అప్పటికప్పుడు నిశ్చయించుకుంది.

"నాలుగూ ఇక్కడే వేసేయండమ్మా," అన్నాడు పోస్టుమాస్టరుగారు, ఆవేశంగా.

"మా ఇంటికి వసారా లైటుంది, చాలు," అన్నాడు టైలరు.

"నాకు చీకటే అలవాటు," అంది డాక్టరమ్మ.

త్యాగాలు అలా వెల్లువెత్తుతుంటే ఇంజనీరు పిల్ల చెయ్యెత్తి ఆపింది. "నాలుగెందుకండీ, ఇక్కడ పెళ్ళేమన్నా చేస్తారా? ఇక్కడ రెండు. లెక్చరరుగారికీ టైలరుగారికీ మధ్య ఉమ్మడి గోడ దగ్గర ఒకటి, డాక్టరుగారికీ పోస్టుమాస్టరుగారికీ మధ్య ఒకటి. కాలిబాట పని ఈ పగిలిన దగ్గర్నుంచే మొదలుపెడతాం. పెద్దావిడ మధ్యలో కూర్చోడానికి సిమెంటు బల్ల ఒకటి వేయిస్తా. అభ్యంతరం ఉందా?"

కోడలు నోరు విప్పేలోపే నలుగురూ ముక్తకంఠంతో లేదనేశారు.

తిరిగి ఇంటికి వస్తున్నప్పుడు కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, నిజంగా వాళ్ళు మీ కోసమే తెచ్చారనుకున్నారా?"

"నా మంచం కిటికీ పక్కనే కదే. పాల గిన్నె ఒక చేత్తో, గునపం ఒక చేత్తో పట్టుకుని వాడు వీధిలోకి వెళ్తుంటే చూడలేదూ?"

"మరి?"

"తిట్టానంటే ఎవరి మేకు వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి పోయేవారు," అంది అత్తగారు, కర్ర చూసి చూసి వేస్తూ.

వానలకు ముందే పని పూర్తయింది. దీపాలు వెలిగిన మొదటి సాయంత్రం అత్తగారు తల దువ్వుకుని, ఎవరూ తోడు రానక్కర్లేదని చెప్పి బయల్దేరింది. కోడలు గేటు దగ్గర నిలబడి చూసింది. కొత్త కాలిబాట మీద ఆవిడ నీడ పొడుగ్గా సాగి, మళ్ళీ పొట్టిగా అయి, ఎక్కడా తడబడకుండా బల్ల దాకా వెళ్ళింది. అటువైపు నుంచి అక్కగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నాక కోడలు లోపలికి వెళ్ళి, ఉల్లిపాయలేమీ తరగకుండానే కళ్ళు తుడుచుకుంది.

అనుకున్న దానికన్నా ముందే అత్తగారు తిరిగొచ్చింది. మొహం గంటు పెట్టుకుని ఉంది. ఎంత అడిగినా చెప్పలేదు. మర్నాడు పొద్దున కాఫీ సగం తాగాక చెప్పింది.

"ఆ బల్ల సరిగ్గా దీపం కిందే వేశారు. కూర్చున్నానో లేదో, మా అక్క నా మొహంలోకి వంగి చూసి, 'ఏమే, ఇంత ముసలిదానివైపోయావేమిటే' అంది."

"మీరేమన్నారు?"

"దీపం దాని మీద కూడా పడుతోందిగా. నాకు కనిపించింది నేనూ చెప్పాను." అత్తగారు గ్లాసు పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఆ ఇంజనీరమ్మ నంబరు నీ దగ్గరుంది కదూ? ఆ స్తంభాన్ని కాస్త అవతలికి జరిపిస్తుందేమో అడగరాదూ?"

అది మేకు కాదని, స్తంభమని, కాంక్రీటు పోశారని కోడలు నచ్చజెప్పి నచ్చజెప్పి అలిసిపోయింది. సాయంత్రం దీపాలు వెలిగేవేళకి అత్తగారు మొహానికి కాస్త పౌడరు అద్దుకుని బయల్దేరింది.