పులి బొమ్మకి పద్నాలుగో కరెక్షన్

అడవైతే పెద్దదే గానీ, బొమ్మలు నేర్పే కాలేజీ అందులో ఒక్కటే ఉండేది.

ఆ కాలేజీలో ఇలస్ట్రేషన్ ఆఖరి సంవత్సరం చదువుతోంది కలివి అనే ముళ్లపంది. దానికి కలాలు కొనే పని లేదు. వీపు మీద నుంచి ఒక ముల్లు పీక్కుంటే చాలు. ఇబ్బందల్లా, కంగారు పుడితే ముళ్లన్నీ లేచి నిలబడతాయి. ఆఖరి సంవత్సరం మొదలైన దగ్గర్నుంచి అవి పడుకున్న పాపాన పోలేదు.

కారణం లైవ్ ప్రాజెక్టు. నిజమైన క్లయింటుకి నిజమైన బొమ్మ వేసివ్వాలి.

"బొమ్మలో ఎవరుంటే వాళ్లే మీ క్లయింటు. ఫారం మీద వాళ్ల పాదముద్ర పడాలి. పడలేదా, ఇంకో ఏడాది ఇక్కడే," అని కొంగ మేష్టారు ఒంటికాలి మీద నిలబడి చెప్పేశారు. ఆయన ఇరవై ఏళ్లుగా క్లయింట్లతో ఎలా మెలగాలో పాఠం చెప్తున్నారు. ఆయనకి ఇంతవరకూ ఒక్క క్లయింటూ తగల్లేదు.

చీటీలు తీశారు. కలివి స్నేహితురాలు జాజి అనే కోతికి తాబేలు వచ్చింది. దానికి కరెక్షన్ చెప్పాలన్నా ఆర్నెల్లు పడుతుంది. కలివికి పులి వచ్చింది.

పులంటే మామూలు పులి కాదు, అడవి పంచాయతీ ప్రెసిడెంటు. పిల్ల జంతువుల కోసం పంచాయతీ కొత్త వాచకం అచ్చేయిస్తోంది. మొదటి పేజీలో పులి బొమ్మ. అదే బొమ్మ ఆఫీసు గేటు మీదా అంటిస్తారు, కాపలావాళ్లు ప్రెసిడెంటు గారిని గుర్తుపట్టాలి కదా.

"అదృష్టం నీదే," అంది జాజి. "ప్రెసిడెంటు బొమ్మ వేశాక పంచాయతీ అచ్చాఫీసులో ఉద్యోగం నీకు కాక ఇంకెవరికిస్తారు?"

"ముందు ముద్ర పడాలి కదే."

"ఎందుకు పడదు? పులిని పులిలా వేస్తావు. తను తనలా ఉంటే పులికి నచ్చదా ఏంటి?"

నచ్చలేదు.

కలివి నాలుగు రోజులు పొద మాటున కూర్చుని, చార చారా లెక్కపెట్టి వేసింది. పులి ఆ బొమ్మని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టుకుని చూసింది. పక్కనే పీఏ దుమ్ములగొండి నవ్వుతూ నిలబడింది. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, దాని మొహమే అంత.

"బావుంది పాపా," అంది పులి. "చాలా బావుంది. ఒక చిన్న కరెక్షన్. పిల్లల పుస్తకం కదా, నోరు మూసెయ్."

"నా నోరా సార్?"

"బొమ్మలో నాది."

కలివి పళ్లు దాచేసి తెచ్చింది.

"ఈ చారల్లో లావుగా కనిపిస్తున్నాను. తగ్గించు."

"చారలు తగ్గించనా సార్, లావు తగ్గించనా?"

"రెండూ."

నాలుగోసారికి చారలు పూర్తిగా పోయి, పంజా చిన్నదైంది. ఆరోసారికి మెడ సన్నబడింది. తొమ్మిదోసారి, కళ్లలో ప్రజల మీద ప్రేమ కనిపించాలంది పులి. ప్రేమ ఎలా వెయ్యాలో తెలీక కలివి కళ్లు పెద్దవి చేసి ఊరుకుంది. పదకొండోసారి, "ఏదీ, ఆ మొదటిది ఒకసారి చూపించు," అంది. చూసి, "వద్దులే, ఇదే కానీ," అంది. అప్పట్నుంచీ ఎందుకైనా మంచిదని కలివి మొదటి బొమ్మని సంచీలోనే పెట్టుకు తిరుగుతోంది.

ఆగలేక మేష్టారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఇది పులిలా లేదు."

"క్లయింటు ఏమన్నారు?"

"బావుందన్నారు."

"మరి మధ్యలో నువ్వెవరు?" అన్నారు కొంగ మేష్టారు. అని కాలు మార్చుకున్నారు.

పదమూడో కరెక్షన్‌కి పులి మొహం వెలిగిపోయింది. "ఇదిగో, ఇదీ నేనంటే," అంది.

కలివి గబుక్కున ఫారం ముందుకి తోసింది.

"ముద్రదేముంది పాపా. ముందు అచ్చులో ఎలా వస్తుందో చూద్దాం."

"మార్కులేసే జ్యూరీ పౌర్ణమికే సార్. వారమే ఉంది."

"సార్ మాటంటే మాటేనమ్మా," అంది దుమ్ములగొండి నవ్వుతూ.

బొమ్మ అచ్చయింది, గేటెక్కింది. పులి మాత్రం అది చూడకుండానే కొండవైపు టూరు పోయి నాలుగు రోజులకి తిరిగొచ్చింది. గేటు దగ్గర కొత్తగా చేరిన అడవిపంది లేచి, బొమ్మని చూసి, పులిని చూసి, మళ్లీ బొమ్మని చూసింది.

"ఎవరు కావాలండీ?"

"నేను, ప్రెసిడెంటుని."

"ప్రెసిడెంటు గారికి చారలుండవండీ."

"గర్జిస్తే తెలుస్తుందా?"

"ఆయన నోరు తెరవరండీ. చూడండి, మూసే ఉంది."

అక్కడే దాన్ని తినేద్దామనిపించింది పులికి. కానీ డ్యూటీలో ఉన్నవాళ్లని తినకూడదని రూలు పెట్టింది కూడా తనే.

అంతలో ఒక బావురుపిల్లి ఎలకని తరుముతూ కంచె పక్కగా వచ్చింది. సన్నటి మెడ, చిన్న పంజా, చారల్లేవు, కళ్లు మాత్రం చారడేసి. అడవిపంది నిటారుగా నిలబడి గేటు తీసింది. దుమ్ములగొండి ఎదురొచ్చి, గేటు మీది బొమ్మనీ పిల్లినీ ఒక చూపు చూసి, తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేను ఎలక కోసం వచ్చాను," అంది పిల్లి.

"ప్రెసిడెంటు గారు ఆహార సమస్య మీద ప్రసంగించారు," అని దుమ్ములగొండి మినిట్సులో రాసుకుంది.

మొదటిరోజు పిల్లి కుర్చీ అంచున కూర్చుంది. రెండోరోజు వెనక్కి జారగిలబడింది.

ఈ సంగతి జాజి మోసుకొచ్చేసరికి కలివి ముళ్లు ఒకేసారి లేచాయి. జ్యూరీ ఎల్లుండే. ఏం చెయ్యాలా అనుకుంటుంటే కాలేజీ గోడ వెనక నుంచి ఎవరో పిలిచారు. చూస్తే పులి.

"పాపా, ఆ ఫారం ఇలా ఇవ్వు. ముద్ర వేసేస్తాను. నువ్వు మాత్రం ఆ మొదటి బొమ్మ గేటుకి అంటించు."

"గేటు బొమ్మ మార్చాలంటే ప్రెసిడెంటు గారు చెప్పాలి సార్."

"నేనే కదా ప్రెసిడెంటుని?"

కలివి ఫారం తీసి చాపింది. పులి ముద్ర కొట్టింది, ఫారం సగం నిండిపోయింది. కలివి పరుగున దాన్ని తీసుకెళ్లి మేష్టారి ముందు పెట్టింది. ఆయన పక్కనే అచ్చు బొమ్మ పెట్టుకుని చూశారు.

"ముద్ర ఎవరిది?"

"పులిది సార్."

"బొమ్మలో ఉన్నదెవరు?"

కలివి బొమ్మ వంక చూసింది. తనే గీసింది, అబద్ధం చెప్పలేదు. "బావురుపిల్లి సార్."

"మరి?" అని ఆయన ఇంకో ఖాళీ ఫారం ఇచ్చారు.

పంచాయతీ ఆఫీసులో పిల్లి కుర్చీలో ఉంది. కాళ్లు నేలకి అందట్లేదు. కొత్త వాచకం మొదటి పేజీలో తన బొమ్మనే చూసుకుంటోంది.

"వేసింది నువ్వేనా? బావుంది పాపా. చాలా బావుంది. ఒక చిన్న కరెక్షన్."

చిత్రంగా, కలివి ముళ్లు ఒక్కొక్కటే వాలిపోవడం మొదలుపెట్టాయి.

"చెప్పండి సార్."

"నోరు తెరిపించు. పళ్లు కాస్త కనపడాలి. ఈ కుర్చీలో ఉన్నవాళ్లంటే ఆ మాత్రం భయం ఉండాలి."

"ఒంటి మీద చారలు వేస్తే?"

"నేనూ అదే అందామనుకుంటున్నా."

"పంజా కూడా ఇంకొంచెం..."

"పెద్దది. బాగా పెద్దది. ఎప్పటికి తెస్తావు?"

"ఎంతలో పని సార్. కాకపోతే కాలేజీ రూలు ఒకటుంది. పాత బొమ్మ ఫారం మీద ముద్ర పడితేగానీ కొత్త కరెక్షన్ మొదలెట్టకూడదు."

అలాంటి రూలు ఏ కాలేజీలోనూ లేదు. పిల్లి తొందరగా పాదం నొక్కింది. కలివి ఫారం మడిచి దాచుకుని, అదే సంచీలోంచి మొదటి బొమ్మ బయటికి తీసింది.

"ఇలాగా సార్?"

పిల్లి చాలాసేపు చూసింది. "ఇదిగో, ఇదీ నేనంటే," అంది. "వెంటనే గేటుకి అంటించండి."

అంటించారు. సాయంత్రం పిల్లి షికారుకి వెళ్లొచ్చేసరికి అడవిపంది లేచి నిలబడి, "ఎవరు కావాలండీ?" అంది. ఆ వెనకే వచ్చిన పులికి గేటు తీసింది. లోపల దుమ్ములగొండి కుర్చీ తుడుస్తోంది, నవ్వుతూనే.

జ్యూరీలో కొంగ మేష్టారు పదమూడో బొమ్మనీ పిల్లి పాదముద్రనీ పక్కపక్కన పెట్టి చూపించారు. "ఇరవై ఏళ్లలో క్లయింటుతో ఇంత పోలిక కుదిరిన బొమ్మ నేను చూడలేదు," అన్నారు. కలివి ఫస్టు క్లాసులో పాసయింది.

మర్నాడు అచ్చాఫీసు నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. కింద ప్రెసిడెంటు పులి గారి ముద్ర. దాని కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం: "గేటు బొమ్మలో చెవులు మాత్రం కొంచెం తగ్గించాలి."

నీతి: పులిని పులిలా వేస్తే కరెక్షన్లు వస్తాయి, పులిని పిల్లిలా వేస్తే డిగ్రీ వస్తుంది.