పది కోట్ల ఒకటి

మా పక్కింటి స్టాన్లీ లెక్కల ట్యూషన్ చెబుతాడు. నారాయణఖేడ్ మొత్తంలో తనకు తప్ప ఎవరికీ భాగహారం రాదని అతని నమ్మకం. ఏం పంచినా చివర్లో తనకు కాస్త మిగిలేలా చూసుకుంటాడు కాబట్టి వెనకాల మేమంతా ‘శేషం సార్’ అంటాం.

ఈ ఘనుడికి ఒకటే బాధ. ఆదివారం చర్చి అవగానే ఆటో నడిపే బామ్మర్ది నెహెమ్యా కంగ్టి నుంచి ఇంటిల్లిపాదితో దిగి నాటుకోడి కూర ఊడ్చేస్తాడు. రావద్దని మొహం మీద చెప్పే దమ్ము లేక స్టాన్లీ గోడ మీద సుద్దతో 10,00,00,001 అని రాశాడు.

“గ్లోరీ, గిది ప్రధానం.”

“ప్రధానమా? ఎవల పోరికి? పెండ్లెప్పుడు?” అంది భార్య.

“థూ! ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప దాన్ని ఇంకెవ్వలు పంచుకోలేరు. మిగలకుంట ఎంతమందికి పంచుతవో గంతమందిని పిల్సుకో. కూర నేనే వండుత. పంచలేకపోతే ఇగ ఆదివారం ఎవ్వలు రావద్దు.”

“గా మాట పక్కింటోల్ల ముందట చెప్పు.”

అలా నేను సాక్షినయ్యాను. గ్లోరీ సుద్ద తీసుకుంది. రెండు, మూడు, ఏడు, పదకొండు, పదమూడు... దేనితో భాగించినా అడుగున ఏదో ఒకటి మిగులుతోంది. స్టాన్లీ మీసం తిప్పాడు. పదమూడు దాకా తను ముందే చేసి చూసుకున్నాడు. అంతకు మించి చుట్టాలు రారని అక్కడే ఆపేశాడట. ఇదీ లెక్కల సారు తెలివి!

“ఒప్పుకో ఇగ.”

“ఆగు జర. మా తమ్ముని ఆటోల ఎంతమంది పడ్తరు?”

“గదెందుకు ఇప్పుడు?”

“డ్రైవర్‌తోటి పదిహేడు,” అని గ్లోరీయే జవాబు చెప్పింది.

కంగ్టి ఆటో ఎక్కినవాళ్లెవరూ ఈ లెక్కకు ఆశ్చర్యపోరు. గ్లోరీ పదిహేడుతో భాగించింది. తలా 58,82,353 వచ్చింది, అడుగున సున్నా. స్టాన్లీ చెరిపేసి మళ్లీ తనే చేశాడు. సున్నా కదల్లేదు. చూసిన నాకే సిగ్గేసింది.

ఆదివారం ఆటో వచ్చి ఆగింది. ముసలమ్మలు, పిల్లలు దిగుతూనే ఉన్నారు. పొయ్యి పొగకు కళ్లు తుడుచుకుంటూ స్టాన్లీ కూర కలుపుతున్నాడు.

“బావా, ఉప్పు జర తక్కువైంది,” అంటూనే నెహెమ్యా మళ్లీ వడ్డించుకున్నాడు. వాటాలు పదిహేడు దాటకుండా గ్లోరీ తమ్ముడి పళ్లెంలోనే తినేసింది.

అందరూ లేచాక స్టాన్లీ పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు.

“నాకేది?”

గ్లోరీ గిన్నె వంచి చూపించింది. “పదిహేడు మందికి పంచినం, సార్. శేషం సున్నా.”

“రొట్టెన్న లేదా?”

ఆమె అతని పళ్లెంలో ఒక ఉల్లిగడ్డ పెట్టింది.

“ప్రధానం గదా నువ్వు! ఒకటీ, నువ్వూ. ఇద్దరు కూసోని పంచుకోండ్రి.”