ఉత్త గ్యాస్

వీధి పేలిపోయిన మర్నాడు పొద్దున్నే మంత్రిగారు చారిత్రకమైన ప్రకటన చేశారు. "ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు ప్రజలకుంది. పేలుడుకి కారణాన్ని ఎన్నుకునే హక్కు మాత్రం ఎందుకుండకూడదు? సాయంత్రంలోగా మీరే తేల్చండి. మెజారిటీ ఏది చెబితే అదే కారణం."

ఆ మాటలు రాసింది ఆయన పీఏ. పార్టీలో అందరూ అతన్ని మాటల మేస్త్రి అంటారు. కూలిన గోడనైనా రెండు విశేషణాలు ఆనించి నిలబెట్టగలడు. చప్పట్లు మోగుతుంటే మేస్త్రికి ఒళ్లు పులకరించింది. ఇళ్లు కూలినవాళ్లు కూడా కొట్టారు మరి. పేలుడప్పుడు వీధి వీధంతా మెయిన్ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్టుకుంటోంది కాబట్టి అందరి ప్రాణాలూ దక్కాయి. నీళ్ల కొరత తీర్చకుండా ముందుచూపుతో వ్యవహరించినందుకు ఆ ఘనత కూడా మంత్రిగారికే వెళ్లింది.

షామియానా వేశారు, జనరేటర్ తెచ్చి మైకు పెట్టారు. ముందుగా రిటైరైన లెక్కల మాస్టారు లేచి, ఇక్కడ భూమి లోపలంతా డొల్ల అని చెప్పి కూర్చున్నారు. సెలూన్ ఆయన, మూలింటి మొగుడూ పెళ్లాల గొడవే కారణమన్నాడు; వాళ్లు అరుచుకుంటుంటే తన షాపులో అద్దాలు అదిరేవట. మూలింటావిడ ఊరుకుంటుందా? "మా ఆయన నోటికొచ్చినట్టు పేలతాడు గానీ, ఇళ్లు పేల్చేంత ఓపికెక్కడిది? మా అత్తగారి కుక్కర్ సంగతి కనుక్కోండి" అంది. అత్తగారు నేరాన్ని ఫ్రిజ్ మీదికి తోసింది. ఫ్రిజ్ అమ్మినాయన ఆకాశం వైపు చూపించి ఉల్క అన్నాడు. మంత్రిగారు అందరికీ తలాడించారు. "ఇంత మేధస్సు ఈ వీధిలో ఉందని పేలేదాకా తెలీలేదు" అని మెచ్చుకున్నారు.

అప్పుడొచ్చింది మేస్త్రి అక్క. పక్క సందులోనే ఇల్లు, ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. కొలతల టేపు మెళ్లో వేలాడుతుండగానే తమ్ముణ్ణి షామియానా వెనక్కి లాక్కెళ్లింది.

"ఒరేయ్, ఇది గ్యాస్‌రా. ఈ వీధి పైపే మా సందులోకీ వచ్చింది. మా వంటింట్లో నిన్నట్నుంచీ అదే కంపు. పొయ్యి ముట్టించడమే మానేశా. మీ మంత్రికి చెప్పి ముందు ఆ గ్యాస్ ఆపించరా."

ఆ పైపుకి రిబ్బన్ కత్తిరించింది మంత్రిగారు. పైపు వేసింది మంత్రిగారి బావమరిది.

"నీకు దణ్ణం పెడతా అక్కా, ఆ మాట మాత్రం అనకు. నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఇంకోటి వస్తుంది. నా కొంప పేలితే ఇంకోటి వస్తుందా?" అంటూ అక్క చరచరా వెళ్లి మైకందుకుంది. "సార్, కుక్కరూ కాదు, ఉల్కా కాదు. ఇదంతా గ్యాస్."

షామియానా గొల్లుమంది. "అవును, ఉత్త గ్యాస్" అని వెనక బెంచీలవాళ్లు ఈలలేశారు. మంత్రిగారి మొహం మాడిపోయింది.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ నేను మాట్లాడిందంతా గ్యాసా? కోతలు కోస్తున్నానంటుందా ఆవిడ?"

"అబ్బే, మీ ప్రసంగానికి ఊపిరాడలేదంటోంది సార్" అన్నాడు మేస్త్రి. ఈలోగా అక్క చేతిలో మైకు లాగేశారు. నిజం చెప్పడానికి ఉన్నది ఆ ఒక్క మాట, దానికేమో కోతలనే అర్థం కూడా ఏడిసింది. ఎవర్నని ఏం లాభం?

మనసు నొచ్చుకున్నా మంత్రిగారు పెద్ద మనసు చేసుకున్నారు. "కొవ్వొత్తులు తెప్పించండి. నన్నన్న ఆవిడ సందులోనే వెలిగించి సంఘీభావం తెలుపుతా" అని ఊరేగింపుగా బయల్దేరారు.

సందు మొదట్లోనే కంపు మేస్త్రి ముక్కు పగలగొట్టింది. కార్యకర్తల ముక్కులకీ తగిలింది గానీ, "మీరొస్తున్నారని కొత్త పెయింటు వేశారు సార్" అన్నారు.

"సార్, గాలి ఎక్కువగా ఉంది. కొవ్వొత్తులు నిలవవు" అన్నాడు మేస్త్రి.

"అయితే ఇంట్లో వెలిగిద్దాం. ఇదేగా ఆవిడిల్లు? వంటింట్లో అయితే మరీ మంచిది, టీవీలో ఇంటిమనిషిలా కనిపిస్తా."

అక్క గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. ఓ కార్యకర్త అగ్గిపెట్టె తీశాడు. గ్యాస్ అంటే ఒక్కడూ కదలడు, కదిలేది తన ఉద్యోగమొక్కటే. మేస్త్రి అక్క మొహంలోకి చూశాడు.

"బాంబు" అని గావుకేక పెట్టాడు. "వంటింట్లో బాంబుంది, కళ్లారా చూశాను."

నాయకుడన్నవాడు ముందుండి నడిపించాలి. మంత్రిగారు అందరికంటే ముందున్నారు. చెప్పు ఒకచోట, కండువా ఒకచోట. మేస్త్రి అక్కని రెక్క పుచ్చుకుని ఈడుస్తూ, దారిలో ప్రతి తలుపూ బాదుతూ పరిగెత్తాడు. సందు ఖాళీ అయిందో లేదో, నిన్నటి పేలుడుకి పోయిన కరెంటు వచ్చింది. ఎవరింట్లోనో మోటార్ గుర్రుమంది. ఆ తర్వాత సందు లేదు.

ఒక్కరికి కూడా గీరుకోలేదు. దుమ్ము సర్దుకునేసరికి జనం మంత్రిగారిని భుజాలకెత్తుకున్నారు. కుక్కరు, ఉల్క, మాస్టారి డొల్లభూమి డిపాజిట్లు కోల్పోయాయి. బాంబు భారీ మెజారిటీతో గెలిచింది. మంత్రిగారు తన మెళ్లో దండ తీసి మేస్త్రి మెళ్లో వేశారు. మేస్త్రికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్క దక్కింది, ఉద్యోగమూ దక్కింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

అంతలో ఇన్‌స్పెక్టర్ అక్కని వెంటబెట్టుకొచ్చాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి.

"సార్, బాంబున్నది ఈవిడ వంటింట్లోనే. ఎవర్నీ లోపలికి పోనీకుండా గుమ్మానికడ్డం నిలబడింది కూడా. అడిగితే గ్యాస్ కొడుతోంది. పైగా మీ పీఏగారు సొంత తమ్ముడంటోంది. నిజమేనా?"

అక్క తమ్ముడి మొహంలోకే చూస్తోంది. మంత్రిగారి చెయ్యి ఆప్యాయంగా మేస్త్రి భుజమ్మీద పడింది. మైకులు దగ్గరికొచ్చాయి.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"బంధుత్వం సంగతి విచారణలో తేలుతుంది" అన్నాడు.