వెనక బెంచీ తనిఖీ

విశ్వనాథ్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా నాంపల్లి కోర్టులో కూర్చోవడం, అబిడ్స్‌లో భోజనం చేయడం, సాయంత్రానికి పరిశోధన వ్యాసాన్ని పత్రికకు పంపేయడం. అది అచ్చయితే తప్ప ఆయన కాలేజీలో ప్రొఫెసర్ కాలేడు. ఆకలి వేళకు జడ్జీలు విసుగెత్తి కేసులు వాయిదా వేస్తారన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని పట్టుకుని వేలాడీ వేలాడీ జుట్టు నెరిసింది, ఓపికా అయిపోయింది.

వెనక బెంచీలో కూర్చోగానే కొత్త బంట్రోతు కరుణాకర్ దగ్గరికొచ్చాడు.

"ఎవల కేసు మీద వచ్చిన్రు సార్?"

"కేసేం లేదు బాబూ. జడ్జిగారు ఎలా నడుచుకుంటారో చూసిపోదామని వచ్చాను."

అన్నది అక్షరాలా నిజం. చిక్కంతా అక్కడే వచ్చింది. కరుణాకర్ లోపలికి పరుగెత్తాడు. కాసేపటికల్లా పైకోర్టు నుంచి రహస్య తనిఖీ వచ్చిందని వరండా అంతా గుప్పుమంది. విశ్వనాథ్‌కు మెత్తటి కుర్చీ వచ్చింది, చాయ్ వచ్చింది.

"నేను వట్టి లెక్చరర్ని బాబూ!"

"గట్లనే చెప్తరు సార్, మాకు తెల్వదా?" అని కరుణాకర్ కన్నుగీటాడు.

ఇక ఏ వకీలూ వాయిదా అడగలేదు. అలవాటుగా నోరు తెరవబోయిన పెద్ద వకీలు వామన్‌రావు మెత్తటి కుర్చీ వైపు చూసి, దగ్గుతో సరిపెట్టుకున్నాడు. ఏళ్లుగా మూలుగుతున్న కేసులు కదిలాయి. భోజన వేళ దాటినా జడ్జిగారు లేవలేదు, విసుక్కోనూ లేదు. సిద్ధాంతం కళ్లముందే కూలిపోతుంటే విశ్వనాథ్‌కు ఏడుపొచ్చింది. పైగా కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. మెల్లగా లేవబోతే పక్క బెంచీలోని యాదవ్వ చెయ్యి పట్టుకుంది. ఆమె కొడుకు బెయిలు అర్జీ ఇంకా పిలవలేదు.

"గీడనే కూసో సారూ! నువ్వు లేస్తే మల్ల వాయిదా అంటరు. నీ కాల్మొక్త!"

ఉసూరుమంటూ కూర్చున్నాడు. బెయిలు వచ్చింది. యాదవ్వ కళ్లు తుడుచుకుంటుంటే ఆయనకు ఆకలి మీది కోపం కాస్త తగ్గింది.

సాయంత్రం జడ్జిగారు తన గదికి పిలిపించారు. విశ్వనాథ్ చేతులు జోడించాడు. "క్షమించండి, నేను తనిఖీకి రాలేదు..."

"తెలుసండీ. మీరొస్తారని మీ ప్రిన్సిపాల్ నిన్ననే ఫోన్ చేసి, మీ సిద్ధాంతం కూడా చెప్పారు. మా బంట్రోతు కంగారుగా వచ్చి తనిఖీ అని చెబితే నేనే నోరు మెదపలేదు" అన్నారాయన అలసటగా నవ్వుతూ. "ఆకలికీ వాయిదాకీ సంబంధం లేదండీ. వకీళ్లే అడుగుతారు, కాదంటే కోర్టు బహిష్కరిస్తారు. ఇన్నాళ్లకు ఇవాళ నా కోర్టు నడిచింది. రేపు కూడా వచ్చి కూర్చోండి."

విశ్వనాథ్ కాళ్లీడ్చుకుంటూ అబిడ్స్ చేరి, ఓ హోటల్లో చతికిలబడి, పత్రిక సంపాదకుడికి ఫోన్ చేశాడు. వ్యాసానికి ఒక్క నెల వాయిదా ఇమ్మని ప్రాధేయపడ్డాడు.