సీసాలో వెంకటశేషమ్మ

ఆ ఉదయం షారన్ అనుకున్న పని చిన్నదే. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, సముద్రం పక్కనున్న చివరి గుంటలో నీళ్లు పట్టుకుని, పది గంటల బస్సుకు కావలి వెళ్లిపోవాలి. బోగోలు వైపు రొయ్యల గుంటల్లో జబ్బు తెచ్చే సూక్ష్మజీవి అంతటా ఒకటేనా, దానిలో వేరువేరు వంశాలున్నాయా అన్నది ఆమె పరిశోధన. ఒక్క కామాక్షయ్య గుంటలోనే ఐదు వంశాలు కనిపించాయి. కొన్ని వంశాలు చీకట్లో నీలంగా మెరుస్తాయి. అందుకే అద్దెగది కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఏ గుంట నీటి నుంచి సూక్ష్మజీవిని పెంచితే ఆ సీసాకు ఆ గుంట యజమాని పేరు అంటించి, అరలో వరసగా పెట్టుకుంది.

"కామాక్షయ్య తెల్లారేసరికి పోయినాడు సార్," అంది ఫోన్లో. "వెంకటశేషమ్మ మాత్రం బతికే ఉంది. చీకట్లో బాగా వెలగతా ఉంది."

ఇడ్లీలు తెచ్చిన ఇంటామె రోజారమణి తలుపు బయటే బిగుసుకుపోయింది. పళ్లెం పిట్టగోడ మీద పెట్టి, కామాక్షయ్య ఇంటికి పరుగెత్తింది. ఫోన్ ముగించిన షారన్ గదికి తాళం వేసి సముద్రం వైపు వెళ్లిపోయింది.

కామాక్షయ్య ఆ సమయంలో తన గుంట గట్టు మీద సున్నం చల్లుతున్నాడు. నాలుగు రోజులుగా రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, మంచులోంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా జనం. పక్క గుంట వెంకటశేషమ్మ కూడా ఉంది.

"ఎవురు పోయినారు?" అని అడిగాడు.

భార్య కామమ్మ ఏడుపు ఆపి రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వేనంట అన్నా," అంది వెంకటశేషమ్మ చివరికి. "షారనమ్మ ఫోన్లో చెప్పిందంట."

కామాక్షయ్య మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. "అయ్యుండచ్చు. నాలుగు దినాలుగా నిద్ర లేదు, ఆకలి లేదు. రొయ్యల బాధలో పడి నేను చూసుకోలా."

రోజారమణి అందర్నీ వెంటబెట్టుకెళ్లి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో షారన్ గది తెరిచింది. లోపల కటిక చీకటి. అరలో ఒకే ఒక సీసా నీలంగా వెలుగుతోంది. సెల్‌ఫోన్ వెలుతురులో వెంకటశేషమ్మ దాని మీద తన పేరు చదువుకుంది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. సీసా కదిలినకొద్దీ లోపలి వెలుగు పెరిగింది. పక్కనే కామాక్షయ్య పేరున్న సీసా నల్లగా, నిశ్చలంగా ఉంది.

"నన్ను దీంట్లోకి ఎప్పుడు పట్టినారబ్బా?" అన్నాడు కామాక్షయ్య.

వెంకటశేషమ్మ తన సీసానూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "నా దాంట్లో సగం నువ్వు తీసుకో అన్నా. నీ గుంటలోంచే గదా నిన్ను పట్టింది, ఆడనే పోస్తా. నాకు మిగతా సగం చాలు. పిలకాయలు పెద్దోళ్లయిపోయినారు."

షారన్ తిరిగి వస్తూ దూరం నుంచే చూసింది. వెంకటశేషమ్మ చేతిలో సీసా కామాక్షయ్య గుంటలోకి వంగుతోంది.

"పొయ్యొద్దు! అది జబ్బు పురుగు!"

"పోసేసినాం లేమ్మా," అంది వెంకటశేషమ్మ తృప్తిగా. "ఇంక ఆయనకేం భయం లేదు."

షారన్ అన్నీ విడమరిచి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, ఎవరూ నమ్మలేదు. బస్సు వెళ్లిపోయింది. మర్నాడు తెల్లవారుజామున గుంటలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరిగినచోటల్లా నీళ్లు నీలంగా మండుతున్నాయి. కామాక్షయ్య ఆ వెలుగు ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ వెలుగుతో రొయ్యలు గుంపుగా చచ్చిన గుంటల గురించి చదివిన షారన్, చచ్చి తేలే రొయ్యల కోసం గట్టు వెంట వెతికింది. ఆయన జీవనాధారం తన చేతుల మీదుగానే పోతోందనుకుంది.

ఒక్క రొయ్య కూడా చావలేదు. మూడో రోజుకు రొయ్యల మేత పళ్లాలు ఖాళీ అవుతున్నాయి. కామాక్షయ్య కడుపునిండా తిని, పట్టపగలే గురకపెట్టి నిద్రపోయాడు.

మూడు వారాల తర్వాత షారన్ ఆ నీళ్లు మళ్లీ పరీక్షించింది. పాత ఐదు వంశాల జాడే లేదు. గుంటంతా వెంకటశేషమ్మ వంశమే. అర సీసాతో ఎకరం గుంట మారదని షారన్ చదువు చెబుతోంది. మళ్లీ పరీక్షించింది, అదే జవాబు.

ప్రొఫెసర్‌కు పంపే నివేదికలో 'వైవిధ్యం తగ్గడానికి కారణం' అన్నచోట 'ఇరుగుపొరుగు అభిమానం' అని రాసి, కొట్టేసి, 'తెలియదు' అని రాసింది.